మా పాప ఎవరి పోలిక?

సూర్యాపేటలో నాది మోటారు వైండింగ్ షాపు. బోరు మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాను. కాలిపోయిన మోటారు షాపుకొస్తే విప్పకముందే సగం సంగతి తెలిసిపోతుంది. మాడు వాసన, షాఫ్టు చేత్తో తిప్పితే తిరిగే తీరు, మోసుకొచ్చిన రైతు చెప్పే రెండు ముక్కలు, ఈ మూడూ కలిపి చూస్తే చాలు. ఇరవై ఏళ్లుగా అదే పని చేస్తున్న నేను, మా పాప విషయంలో ఏడెనిమిది గుర్తులు కళ్లెదుటే ఉన్నా ఏడాదిన్నర పాటు ఒకదానితో ఒకటి కలపలేకపోయాను.

పాప 2016 ఆగస్టులో పుట్టింది. నెలలు నిండాకే పుట్టినా బరువు 2 కిలోల 200 గ్రాములే. పాలు తాగడానికి గంట పట్టేది, తాగినవి కక్కేసేది. సాయంత్రమయ్యేసరికి ఏడుపు మొదలు. ఆ ఏడుపు రాత్రి రెండింటి దాకా ఆగేది కాదు. నాలుగైదు రోజులకోసారి గానీ విరేచనం అయ్యేది కాదు. మా అమ్మ దిష్టి తీసింది, వాము నీళ్లు పట్టింది. పిల్లల డాక్టరు కడుపునొప్పి ఏడుపే, మూడు నెలలకు తగ్గుతుందన్నారు. మూడు పోయి ఆరొచ్చాయి, తగ్గలేదు. అందరి పిల్లలకూ రాసినట్టే విటమిన్ డి చుక్కలు రాశారు. నా భార్య ఒక్కరోజు కూడా తప్పకుండా వేసేది. మరిచిపోతానేమోనని గోడ క్యాలెండరు మీద టిక్కు పెట్టుకునేది. ఆ టిక్కుల సంగతి మళ్లీ వస్తుంది.

ఏడ్చినప్పుడల్లా బొడ్డు, గజ్జ దగ్గర ఉబ్బేది. హెర్నియా అన్నారు, కాస్త పెద్దయ్యాక ఆపరేషన్ చేద్దామన్నారు. గుండెలో చిన్న చప్పుడు ఉందని ఒకసారి చీటీ మీద రాశారు. చాలామంది పిల్లలకు ఉంటుంది, అదే పోతుంది అని కూడా చెప్పారు. నిజంగానే చాలామందికి పోతుంది. అందుకే ఎవరినీ తప్పుపట్టలేకపోతున్నాను.

ఇక పోలికల సంగతి. ముక్కు చివర కాస్త పైకి లేచి ఉంటుంది. ముక్కుకూ పైపెదవికీ మధ్య దూరం ఎక్కువ. నోరు వెడల్పు, పెదాలు నిండుగా ఉంటాయి. కళ్ల చుట్టూ ఉబ్బు, బొద్దు బుగ్గలు, చిన్న గడ్డం. ఇరవై ఒకటో రోజున తొట్లెలో వేసినప్పుడే మా అక్క చూసి "అచ్చం నా ముక్కే" అని మురిసిపోయి వేలికి బంగారు ఉంగరం పెట్టింది. అత్తగారి వైపు వాళ్లు కాదు, మా తాత నోరు అన్నారు. మాది మేనరికం. నా భార్య మా మేనమామ కూతురు. ఎటు తిప్పినా ఒకటే ఇల్లు కాబట్టి ఆ గొడవ తేలలేదు.

అన్నిటికన్నా అందరూ మెచ్చుకున్నది పాప కలుపుగోలుతనం. ఎనిమిది, తొమ్మిది నెలల్లో పిల్లలు కొత్త ముఖం చూస్తే తల్లి భుజంలో తల దాచుకుంటారు. మా పాప ఏ రోజూ దాచుకోలేదు. బస్సులో పక్క సీటామె, షాపు ముందు ఆగిన లారీ డ్రైవరు, పాలు పోసే మనిషి, ఎవరు కనిపించినా చేతులు చాచేది. కళ్లలోకి కళ్లు పెట్టి చూసి నవ్వేది. "ఎంత మంచి బిడ్డ, అసలు కొత్తే లేదు" అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఛాతీ పొంగేది.

కానీ మిక్సీ వేస్తే ఒళ్లంతా వణికేది. కుక్కరు విజిల్‌కు రెండు చేతులూ చెవుల మీదికి పోయేవి. షాపు ఇంటి ముందు గదిలోనే కదా, నేను మోటారు టెస్టింగ్ పెడితే లోపల కెవ్వుమని కేక. అదే పిల్ల తిరిగే ఫ్యాను కింద పడుకోబెడితే గంటసేపు దాన్నే చూస్తూ ఉండిపోయేది. వైండింగ్ వాడి కూతురు కదా అని నవ్వుకున్నాం.

పదకొండు నెలలకు కూర్చుంది. ఏడాదిన్నర వచ్చినా నిలబడలేదు, ఒక్క మాట రాలేదు. "నువ్వు కూడా మూడేండ్లకే మాట్లాడినవ్" అని మా అమ్మ. మొదట నోరు తెరిచి చెప్పింది అంగన్వాడీ టీచరు. బరువు తూచి, చార్టు మీద చుక్క పెట్టి, "అన్నా, ఈ పాపను ఒకసారి పెద్ద డాక్టరుకు చూపించు. నడక, మాట రెండూ లేటైతున్నయ్" అంది. నా భార్య ఇంటికొచ్చి, ఇంకెప్పుడూ ఆ సెంటరుకు పోనంది. నేనూ సరేనన్నాను. ఇప్పుడు ఆ టీచరు ఎదురుపడితే నేనే ముందు నమస్కారం పెడతాను.

గజ్జల్లో ఉబ్బు ఎక్కువైందని 2018 మొదట్లో ఆపరేషన్‌కు తేదీ తీసుకున్నాం. తెల్లవారుజాము నుంచి పాప కడుపు మాడ్చాం, గది అద్దె కట్టాం. మత్తు డాక్టరు వచ్చి స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. తీసి, మళ్లీ పెట్టారు. "2డి ఎకో, అంటే గుండె స్కాన్, చూడకుండా నేను మత్తివ్వను" అన్నారు. సర్జన్ ఏదో సర్దిచెప్పబోయారు. ఆయన వినలేదు. గౌను విప్పేసి వెళ్లిపోయారు. ఆకలితో ఏడుస్తున్న పిల్లనెత్తుకుని మెట్లు దిగుతూ ఆయన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో.

ఆ తిట్లన్నీ తర్వాత వెనక్కి తీసుకున్నాను. మా పాపకున్నది విలియమ్స్ సిండ్రోమ్ అనే జబ్బు, అందులో గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం, కవాటానికి సరిగ్గా పైన, ఇరుకవుతుంది. ఆ ఇరుకున్న పిల్లలకు మత్తు ఇచ్చినప్పుడు గుండె హఠాత్తుగా ఆగిపోయే ప్రమాదం మామూలు పిల్లల కంటే చాలా ఎక్కువ. ఎక్కడ పడితే అక్కడ ఇచ్చేది కాదు ఆ మత్తు.

ఎకో హైదరాబాద్‌లో తీశారు. పిల్లల గుండె డాక్టరమ్మ తెర మీద ఎర్ర, నీలం రంగులు చూస్తూ ఏవో కొలతలు చెబుతోంది, పక్కనున్న అబ్బాయి రాసుకుంటున్నాడు. ఇరుకు ఉంది, కానీ ఇప్పటికి ఆపరేషన్ అవసరమైనంత కాదు, ఊపిరితిత్తులకు పోయే నాళాల్లో కూడా కొంత ఉంది, అది వయసుతో తగ్గొచ్చు అని చెప్పింది. తర్వాత తెర వదిలేసి పాప ముఖం చూసింది. పాప అప్పటికే జెల్ పూసిన పొట్టతోనే లేచి కూర్చుని ఆమె మెళ్లో ఐడీ కార్డు పట్టుకుని నవ్వుతోంది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

పాలు సరిగ్గా తాగేదా? విరేచనం ఎలా? హెర్నియా ఒకవైపేనా? చప్పుళ్లకు భయపడుతుందా? ఎప్పుడు కూర్చుంది? నోరు తెరిపించి పళ్లు చూసింది. చిన్నచిన్న పళ్లు, మధ్యలో సందులు. గొంతు కొంచెం బొంగురుగా ఉంటుందా అని అడిగింది. ఇవన్నీ గుండె డాక్టరుకెందుకు అని నాకు లోపల విసుగు. చివరికి, "ఎవరి దగ్గరికైనా ఇలాగే వస్తుందా?" అంది.

నా భార్య ముఖం వెలిగిపోయింది. "ఎవరి దగ్గరికైనా పోతది మేడం. మా పాపకు కొత్త లేదు."

డాక్టరమ్మ అది కూడా రాసుకుంది. గుండె చప్పుడు, హెర్నియా, మలబద్ధకం, నడక ఆలస్యం, వాటి కిందే వరసలో అది కూడా. ఆ చీటీ నేను తలకిందులుగా చదివాను. ఊరంతా మెచ్చుకున్న గుణం జబ్బు లక్షణాల లిస్టులో చేరడం నేను చూసింది అప్పుడే. గుండె నాళం ఇరుకు అన్నప్పటికన్నా అప్పుడే నాకు ఎక్కువ దెబ్బ తగిలింది.

రక్తంలో కాల్షియం చూశారు. 12.1 ఉంది. పదిన్నర దాటకూడదట. విలియమ్స్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి చిన్నప్పుడు కాల్షియం ఎక్కువగా ఉంటుంది. పాలు కక్కడం, తెగని ఏడుపు, మలబద్ధకం వీటన్నిటిలో దాని చెయ్యి ఉండొచ్చు. అలాంటి పిల్లలకు విటమిన్ డి వేస్తే ఇంకా ఎక్కిస్తుంది. చుక్కలు ఆ రోజే ఆపించారు, కిడ్నీల్లో కాల్షియం పేరుకుందేమోనని స్కాన్ చేయించారు. లేదు. నా భార్య ఇంటికొచ్చి గోడ మీది క్యాలెండరు తీసి చింపేసింది. (ఇది చదివి ఎవరూ తమ పిల్లలకు చుక్కలు ఆపకండి. మామూలు పిల్లలకు అవి కావాలి. మా రెండోవాడికి మేమే వేశాం.)

జబ్బు ఖాయం చేసేది జన్యు పరీక్ష. మాకు ఫిష్ అనే పరీక్ష చేశారు. ఈ మధ్య మైక్రోఅర్రే ఎక్కువగా చేస్తున్నారు. రిపోర్టులో ఫొటో ఉంది. నీలం మచ్చ మీద రెండు ఆకుపచ్చ చుక్కలు, ఒకే ఒక్క ఎర్ర చుక్క. జెనెటిక్స్ డాక్టరు నేను చేసే పని అడిగి తెలుసుకుని మరీ చెప్పారు. ఏడో క్రోమోజోములు మనకు రెండు. ఆకుపచ్చ చుక్కలు రెండున్నాయంటే రెండూ ఉన్నట్టే. ఎర్ర చుక్క ఎలాస్టిన్ అనే జన్యువు ఉండే చోటు. ఒకదాని మీద ఆ ముక్క లేదు. ఎలాస్టిన్‌తో కలిపి ఆ చుట్టుపక్కల 26 నుంచి 28 జన్యువులు ఒక్క కోతలో పోయాయి. ఎలాస్టిన్ రక్తనాళానికి సాగే గుణం ఇస్తుంది. అది సగమే తయారైతే నాళం గోడ మందమైపోతుంది, లోపల దారి ఇరుకవుతుంది. హెర్నియాలూ, బొంగురు గొంతూ దాని తాలూకువేనట. నెలల తరబడి విడివిడిగా చూసినవన్నీ ఒకే తెగిన చుట్ట దగ్గరికి చేరాయి. నాకు వెంటనే అర్థమైంది, అదే బాధ. మోటారైతే ఆ చుట్ట మళ్లీ చుట్టేవాడిని.

మేనరికమా అని అక్కడ కూడా అడిగారు. ఔనన్నాం. ఇద్దరం తల దించుకున్నాం. అప్పటికే బంధువుల్లో ఆ మాట నలిగి నలిగి ఉంది. ఆయన కాగితం తీసి గీసి చెప్పారు. మేనరికంతో వచ్చే జబ్బులు వేరు. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి అదే లోపం దాగి ఉండి, రెండూ బిడ్డకు చేరితే వచ్చేవి అవి. ఇది ఆ రకం కాదు. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు క్రోమోజోములో ఆ ముక్క జారిపోయింది, ఎవరికైనా జరగొచ్చు. 7,500 నుంచి 20,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. తల్లిదండ్రులకు లేకపోతే మళ్లీ పుట్టే బిడ్డకు రావడం చాలా అరుదు. పాప పెద్దయి పిల్లల్ని కంటే మాత్రం ప్రతి కాన్పుకూ సగానికి సగం అవకాశం.

ఇంటికొచ్చాక ముందు మా అమ్మకు చెప్పాను. ఆమె ఆ పెళ్లి పట్టుబట్టి చేసిన మనిషి. నెల రోజులుగా కోడలి ముఖం చూసి మాట్లాడటం మానేసింది. నేను కోపం అనుకున్నాను. నేను చెప్పిందంతా విని, "అయితే నేను చేసిన తప్పు కాదంటవా బిడ్డా?" అంది. మేనరికాలు మంచివని నేను అనడం లేదు. మా పిల్లలకు చేయం. కానీ మా ఇంట్లో ఆ రోజు రాత్రి అందరూ కలిసి అన్నం తిన్నారు.

ఈ జబ్బు పేరు గురించి ఒక ముచ్చట. జె.సి.పి. విలియమ్స్ న్యూజిలాండ్‌లో గుండె డాక్టరు. 1961లో ఇలాంటి ముఖం, ఇలాంటి గుండె ఇరుకు ఉన్న నలుగురి గురించి రాశారు. మరుసటి ఏడాది జర్మనీలో బోయిరెన్ అనే డాక్టరు కూడా రాశారు. ఎలాస్టిన్ సంగతి బయటపడింది 1993లో. ఆ విలియమ్స్ తర్వాత కనిపించకుండా పోయారు, చివరికి ఏమయ్యారో ఎవరికీ తెలియదట. ముఖాలు చూసి గుర్తుపట్టిన మనిషే అలా మాయమయ్యాడు.

ఆరు నెలల తర్వాత రెండో ఎకోకు వెళ్లినప్పుడు బయట హాల్లో కూర్చున్నాం. నా భార్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "బావా, అటు చూడు." కర్ణాటక వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఆరేళ్ల బాబు. అదే ముక్కు, అదే నోరు, అవే బుగ్గలు. మా రెండోవాడికి పాపతో లేని పోలిక, ముఖం తెలియని ఆ పిల్లవాడికి ఉంది. వాడు తిన్నగా వచ్చి నా ఒళ్లో కూర్చుని కన్నడంలో ఏదో అడిగాడు. పాప వాడి చొక్కా పట్టుకుంది. తల్లులిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పక్కపక్కన కూర్చుని ఏడ్చారు. పాప ముఖం ఎవరి పోలికో అప్పుడు తేలింది. మా అక్కకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. ఉంగరం పెట్టింది కదా, తన పోలికే అనుకోనీ.

హెర్నియా ఆపరేషన్ పిల్లల గుండెకు మత్తిచ్చే అనుభవం ఉన్నచోట చేయించాం. ఆ రెండు గంటల గురించి రాయలేను. ఏటా ఎకో, ప్రతిసారీ బీపీ, అప్పుడప్పుడు కాల్షియం, థైరాయిడ్ పరీక్షలు. పన్ను పీకించాలన్నా ఫైలు పట్టుకుపోతాం.

రెండేళ్ల రెండు నెలలకు నడిచింది. రెండున్నరకు మాట వచ్చింది, వచ్చాక ఇక ఆగలేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకు తీసుకెళ్లాం. అక్కడి మేడం నాలుగు చెక్క దిమ్మలు పెట్టి ఒక ఆకారం పేర్చమంది. పాప ఆమె చీర రంగు, పిల్లల పేర్లు, పొద్దున తిన్న టిఫిన్ అన్నీ అడిగి తెలుసుకుంది గానీ దిమ్మలు పేర్చలేకపోయింది. అక్కడే తెలిసింది, ఈ పిల్లల మాట చూసి తెలివి అంచనా వేయొద్దని. మాట ముందుంటుంది. చూసి గీయడం, పేర్చడం, దూరం, లోతు పసిగట్టడం బాగా వెనకుంటాయి. గచ్చు రంగు మారితే మెట్టనుకుని ఆగిపోతుంది. గుండీలు పెట్టుకోవడానికి ఏడేళ్లు పట్టింది. బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఒక్క చరణం తప్పదు, అడుగు తప్పుతుంది.

ఈ మాటకారితనమే వైకల్యం సర్టిఫికెట్లు ఇచ్చే సదరం క్యాంపులో ఇబ్బంది పెట్టింది. కౌంటరు ముందున్న మనిషి, "ఇంత బాగ మాట్లాడే పిల్లకు సర్టిఫికెట్ ఏంది?" అన్నాడు. పాప ఆయనకు షేక్‌హ్యాండ్ ఇచ్చింది. మూడుసార్లు తిరిగాక, మనోవికాస్ నగర్ రిపోర్టు పెట్టాక, మేధో వైకల్యం కింద ఇచ్చారు. దాంతోనే యూడీఐడీ అనే వైకల్యం గుర్తింపు కార్డు వచ్చింది.

2023లో దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు తీసుకెళ్లడం మాత్రం నా తప్పు. డప్పుల మోత, ఓ లింగా అంటూ జనం. రెండు చెవులూ మూసుకుని నా నడుముకు అతుక్కుని ఉంది. కొబ్బరికాయ కొట్టడానికి వంగి లేచేసరికి లేదు. నలభై నిమిషాలు వెతికాం. గట్టు కింద చెట్టు నీడన ఎవరో కుటుంబం వండుకుంటుంటే వాళ్ల మధ్యలో కూర్చుని ఉంది. ఒకామె అన్నం కలిపి తినిపిస్తోంది. "మంచి పిల్ల, తనంతట తనే వచ్చి నా చెయ్యి పట్టుకున్నది" అంది ఆమె. మంచివాళ్లు దొరికారు. ఆ వాక్యంలో "దొరికారు" అన్న మాట ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు.

అప్పటిదాకా ఆ నవ్వులో పాపది ఎంత, ఏడో క్రోమోజోముది ఎంత అని లెక్కలు వేసుకునేవాడిని. జాతర తర్వాత ఆ లెక్క మానేశాను. నవ్వు ఎవరిదైతేనేం, ముందు కాపాడుకోవాలి. ఇంకోటి, బయట అంత నవ్వే పిల్ల లోపల ఎంత టెన్షన్ పడుతుందో ఇంట్లోవాళ్లకే తెలుసు. కరెంటు పోతుందా, ఉరుముతుందా, రేపు డాక్టరు దగ్గరికా అని ఒకే ప్రశ్న నలభైసార్లు.

ఇప్పుడు కాస్త పెద్దయింది. బడి నుంచి వచ్చి షాపులో స్టూలు మీద కూర్చుంటుంది. టెస్టింగ్ పెట్టేముందు "చెవులు" అంటాను, మూసుకుంటుంది. ఫ్యాను బేరింగు పోతే నాకన్నా ముందు తనకే తెలుస్తుంది, "నాన్నా, ఇది గరగరమంటుంది" అని. ఏడాదిగా ఒక్కటే నేర్పుతున్నాం. ఎవరి దగ్గరికైనా పోయేముందు మమ్మల్ని అడగాలి, మనకు తెలిసినవాళ్లేనా అని.

మొన్న ఒకాయన చివ్వెంల వైపు నుంచి మోటారు తెచ్చాడు. ఆయన బండి దిగకముందే స్టూలు దిగి ఎదురుపోబోయింది. గడప దగ్గర ఆగింది. నా వైపు తిరిగి అడిగింది.

"నాన్నా, ఈ తాత మనకు తెలుసా?"

"తెల్వదు బిడ్డా."

పాప ఆయన వైపు తిరిగింది. "తాతా, నువ్వు మాకు తెల్వదంట. మంచినీళ్లు తాగుతవా?"